ఖుల్దాబాద్ నుంచి మెహ్రౌలీ దాకా: కడపటి మొఘలుల వెంట ఏడు రోజులు

నేను రాజమండ్రిలో దస్తావేజు లేఖరిని. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట మా నాన్న వేసిన బల్ల మీదే ఇరవై ఆరేళ్లుగా రాస్తున్నాను. దఖలు, రసీదు, నకలు, దరఖాస్తు, హామీ, తాలూకా, జిల్లా, రైతు... పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా కలం కింద నలిగే ఈ మాటలన్నీ పాదుషాల, నవాబుల కచేరీల నుంచి మనకు దక్కినవే. మా ప్రాంతాన్ని సర్కారు జిల్లాలు అంటారు. కాకినాడ నుంచి మద్రాసు వైపు పోయే రైలుకు కూడా సర్కార్ ఎక్స్‌ప్రెస్ అనే పేరు. సర్కారు అంటే మొఘలుల లెక్కలో సుబాకూ పరగణాకూ మధ్య ఉండే పాలనా భాగం.

1765 ఆగస్టు 12న, అలహాబాదులో ఉన్న మొఘల్ పాదుషా రెండో షా ఆలం ఈ సర్కార్లను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేస్తూ ఫర్మానా జారీ చేశాడు. చికాకోలు, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. గోదావరిని ఆయన ఎన్నడూ చూడలేదు. ఈ గడ్డ మీద ఢిల్లీ మాట చెల్లడం మానేసి అప్పటికే నలభై ఏళ్లయింది. అయినా కంపెనీ ఆ కాగితాన్ని అడిగి మరీ తీసుకుంది. మాట చెల్లని మనిషి సంతకం ఎందుకంత అవసరమైంది? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా పట్టుకుని ఉంది. ఈ నవంబరులో బల్లకు వారం రోజులు సెలవిచ్చి, ఆ పాదుషాలు పడుకున్న చోట్లకు వెళ్లి వచ్చాను.

మొదటి రోజు, ఆదివారం: ఖుల్దాబాద్

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కి పొద్దున్నే ఔరంగాబాద్‌లో దిగాను. ఇప్పుడు ఆ ఊరి పేరు ఛత్రపతి సంభాజీనగర్. అక్కడి నుంచి ఖుల్దాబాద్ పాతిక కిలోమీటర్లు. దారిలోనే దౌలతాబాద్ కోట. అందులో నేను చూడాలనుకున్నది ఒక్క చీనీ మహల్. నీలం, తెలుపు పింగాణీ పలకలు గోడకు అక్కడక్కడా ఇంకా అంటుకుని ఉన్నాయి. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషాను ఔరంగజేబు తెచ్చి పెట్టింది ఇక్కడే. ఎనిమిది నెలల ముట్టడికి లొంగని గోల్కొండ, 1687లో లోపలి మనిషి ఒకడు తలుపు తీయడంతో ఒక్క రాత్రిలో పోయింది. రామదాసు కథ విన్న ప్రతి తెలుగువారికీ తానీషా తెలుసు. గోపన్నను చెరలో పెట్టించిన ప్రభువు తానే దాదాపు పుష్కరకాలం చెరలో ఉండి కన్నుమూశాడు. ఆ మొండిగోడల మధ్య నేను ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఖుల్దాబాద్ దర్గాల ఊరు. ఔరంగజేబు సమాధి షేక్ జైనుద్దీన్ షీరాజీ దర్గా ఆవరణలో ఒక పక్కన ఉంది. గుమ్మం దగ్గర పోలీసులు పేరు, ఫోను నంబరు రాయించుకుని లోపలికి పంపారు. చెప్పులు వదిలి గడప దాటాక ఒక్క క్షణం తికమకపడ్డాను. పైకప్పు లేదు, గుమ్మటం లేదు. చుట్టూ ఉన్న పాలరాతి జాలీ కూడా, వైస్రాయి కర్జన్ మాట మీద నిజాం తరువాతి కాలంలో పెట్టించింది. నడుమ ఉన్నదంతా మట్టి. ఆ మట్టిలో సబ్జా మొక్క, మన పల్లెల్లో రుద్రజడ అంటారే, అదే. వంగి చూశాను. కింది ఆకులు కొన్ని పండి మట్టికి అంటుకున్నాయి. ఎవరో పొద్దున నీళ్లు పోసినట్టున్నారు, మొదట్లో తడి ఇంకా ఆరలేదు. కాబూల్ నుంచి కావేరి దాకా ఏలానన్న మనిషి మీద మొలిచింది ఆ ఒక్క మొక్క.

కుట్టి అమ్మిన టోపీల మీద వచ్చిన 4 రూపాయల 2 అణాలు తన కఫనుకు వాడమనీ, ఖురాను నకళ్లు రాసి సంపాదించిన 305 రూపాయలు ఫకీర్లకు పంచమనీ ఆయన వీలునామా రాశాడని చెబుతారు. వీలునామాలు రాసే చేయి నాది. చివరి కాగితంలో మనిషి తన ఆస్తిని ఎంత చిన్నదిగా చూపిస్తే, వెనుక తగువు అంత పెద్దగా ఉంటుందని నాకు అనుభవం. ఆయన విషయంలోనూ అంతే జరిగింది. 1682లో దక్కన్ వచ్చిన పాదుషా మళ్లీ ఢిల్లీ ముఖం చూడలేదు. 1707 మార్చి 3న, 88 ఏళ్ల వయసులో అహ్మద్‌నగర్ విడిదిలో పోయాడు. పాతికేళ్ల యుద్ధం ఖజానాను తినేసింది. బీజాపూర్, గోల్కొండ, మరాఠా సర్దార్లను తన వైపు తిప్పుకోవడానికి మన్సబులు పంచుతూ పోయాడు. మన్సబు అంటే హోదా. దానికి జీతం కింద శిస్తు వసూలు చేసుకోవడానికి ఒక జాగీరు ఇవ్వాలి. హోదాలు పెరిగాయి, ఇవ్వడానికి జాగీర్లు లేవు. చేతిలో పట్టా ఉండి, భూమి మీద రూపాయి రాలని అమీర్లు వందల్లో తయారయ్యారు. అలాంటి పట్టాదారు ఎవరి పక్షం చేరతాడో చెప్పలేం. నా బల్ల దగ్గరికి రోజూ ఒకరిద్దరు అలాంటి వాళ్లు వస్తూనే ఉంటారు.

రోడ్డుకు అవతలి వైపు బుర్హానుద్దీన్ గరీబ్ దర్గా. అక్కడ ఉన్నది మొదటి అసఫ్ జా, హైదరాబాదు నిజాంల మూలపురుషుడు. ఔరంగజేబు కొలువులో పెరిగి, ఢిల్లీలో వజీరు పదవిని కూడా చూసి విసిగి దక్కన్ వచ్చేశాడు. 1724 అక్టోబరులో శకర్‌ఖేడా దగ్గర ముబారిజ్ ఖాన్‌ను చంపి ఆరు దక్కన్ సుబాలనూ చేతిలోకి తీసుకున్నాడు. అయినా 1748లో పోయేదాకా తాను స్వతంత్రుడినని చాటుకోలేదు. హైదరాబాదు నాణేల మీద ఢిల్లీ పాదుషా పేరు 1857 తిరుగుబాటు నాటి వరకూ పడుతూనే ఉంది. శిస్తు తనకు, పేరు ఢిల్లీకి! తానీషా సమాధి కూడా ఈ ఊళ్లోనే ఉంది. గోల్కొండను పోగొట్టుకున్నవాడు, పట్టుకున్నవాడు, చివరికి దక్కించుకున్నవాడు ముగ్గురూ నడిచిపోయేంత దూరంలో పడుకున్నారు.

రెండో రోజూ మూడో రోజూ: రైలు, ఆపైన సఫ్దర్‌జంగ్

నాందేడ్ నుంచి అమృత్‌సర్ వెళ్లే సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చంబల్ వంతెన దాటేటప్పటికి తెల్లారిపోయింది. ధోల్‌పూర్, ఆగ్రాల మధ్య జాజౌ అనే ఊరుంది. 1707 జూన్‌లో ఔరంగజేబు కొడుకులు ఇద్దరు అక్కడ తలపడ్డారు. ఆజం షా చనిపోయాడు, ముఅజ్జం బహదూర్ షా పేరుతో 63 ఏళ్ల వయసులో గద్దెనెక్కాడు. అందరిలో చిన్న కొడుకు కామ్ బక్ష్ మన హైదరాబాదులో కూర్చుని తానే పాదుషానన్నాడు. 1709 జనవరిలో అన్న సైన్యం హైదరాబాదు పొలిమేరల్లో అతన్ని ఓడించింది, ఆ గాయాలతోనే పోయాడు.

బహదూర్ షా హైదరాబాదు దర్బారుకు ఆ ఏడాది మనకు బాగా తెలిసిన మరొకరు వచ్చారు. సర్వాయి పాపన్న. అంతకు ముందు ఏడాదే వరంగల్ పట్నాన్ని కొల్లగొట్టిన కల్లుగీత ఇంటి బిడ్డ పాదుషా ఎదుట నజరానా పెట్టి, ఖిల్లతు, అంటే గౌరవ వస్త్రం, కప్పించుకుని వెళ్లాడు. పుట్టుకతో పెద్దింటివాళ్లమని అనుకునే వాళ్లు దానికి మండిపడ్డారు, ఆ మర్యాద నిలవలేదు. 1710లో పాపన్న తల పోయింది. జనం మాత్రం మూడు వందల ఏళ్లుగా ఆయన కథ పాడుతున్నారు. చంపించిన సుబేదారు పేరు మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

ఢిల్లీలో దిగేటప్పటికి మా మేనల్లుడు స్టేషన్‌కు వచ్చి ఉన్నాడు. అక్కడే కాలేజీలో చదువుతున్నాడు. సాయంత్రం సఫ్దర్‌జంగ్ సమాధికి తీసుకెళ్లాడు. 1750ల నాటి కట్టడం, అవధ్ నవాబుది, పాదుషాకు వజీరుగా పనిచేసిన వాడిది. గుమ్మటానికి పరిచిన పాలరాయిలో కొంత అబ్దుల్ రహీం ఖాన్‌ఖానా సమాధి నుంచి ఒలిచి తెచ్చిందేనట. మంచి తోట, ఎత్తయిన ద్వారం. ఔరంగజేబు తరువాత వచ్చిన ఏ పాదుషాకూ ఇంత సమాధి లేదు.

నాలుగో రోజు, బుధవారం: ఎర్రకోట

నౌబత్ ఖానా కింద మేనల్లుడు ఆగి, పలక మీద రాసింది చదివాడు. "మామయ్యా, జహందర్ షా, ఫరుఖ్‌సియర్ ఇద్దర్నీ చంపింది ఇక్కడేనంటారట." రోజుకు అయిదుసార్లు నగారా మోగిన చోటు అది. జహందర్ షా ఏలింది ఏడాది కూడా నిండలేదు. ఫరుఖ్‌సియర్‌ను గద్దెనెక్కించిన సయ్యద్ సోదరులే ఆరేళ్ల తరువాత జనానాలో నుంచి ఈడ్చి తెప్పించి, కళ్లు పోగొట్టి, 1719లో ఉరి బిగించి చంపించారు. ఆ ఒక్క ఏడాదిలోనే ఢిల్లీ నలుగురు పాదుషాలను చూసింది. రఫీ ఉద్ దరజాత్, రఫీ ఉద్ దౌలా అనే ఇద్దరు కుర్రవాళ్లు గద్దె మీద కూర్చున్నది నెలల లెక్క. 1717లో బెంగాలులో సుంకం లేని వ్యాపారానికి కంపెనీకి ఫర్మానా ఇచ్చింది ఈ ఫరుఖ్‌సియరే. ఏటా ఇవ్వవలసింది 3,000 రూపాయలు. ఆ కాగితం పట్టుకుని కంపెనీ నౌకర్లు సొంత సరుకు కూడా సుంకం లేకుండా తోలారు. నలభై ఏళ్ల తరువాత ప్లాసీకి దారితీసిన తగువుల్లో అదొకటి.

దీవాన్-ఎ-ఖాస్‌లో చాలాసేపు ఉన్నాను. భూమ్మీద స్వర్గమంటూ ఉంటే అది ఇదేనన్న పారసీ పద్యం గోడ మీద బంగారు అక్షరాల్లో ఇంకా ఉంది. దాన్ని చూసి అందరూ తలెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను ఒక స్తంభం మొదట్లో పాలరాతి పూలను చూస్తూ కూర్చున్నాను. తీగ ఉంది, రేకు ఉంది. రేకులో రంగురాయి ఉండవలసిన చోట గోరు పట్టేంత గుంట. ఎవరో కత్తి మొన పెట్టి పెకలించినట్టు అంచు చిట్లి ఉంది. ఆ గుంటలో వేలు పెట్టి చూశాను, దుమ్ము పేరుకుని మెత్తగా తగిలింది. ఎవరు తీశారో చెప్పడం కష్టం, ఎందుకంటే అందరూ తీశారు. నెమలి సింహాసనం, కోహినూర్ 1739లో ఇరాన్ పాదుషా నాదిర్ షా పట్టుకుపోయాడు. పైకప్పు వెండిని 1760లో మరాఠా సేనాని సదాశివరావు భావు కరిగించి సైన్యానికి జీతాలిచ్చాడు. 1788లో గులాం ఖాదిర్ రోహిల్లా దాచిన నిధి చెప్పమని నేల తవ్వించాడు, జనానా ఆడవాళ్లను అవమానించాడు. ఆగస్టు 10న రెండో షా ఆలం కళ్లు పోగొట్టాడు.

మా సర్కార్లను రాసిచ్చిన షా ఆలం ఆయనే. అప్పటికి అరవై ఏళ్లు. మహాదాజీ సింధియా వచ్చి రోహిల్లాను పట్టి చంపించాడు, పాదుషాను మళ్లీ గద్దెనెక్కించాడు. చూపు తిరిగి రాలేదు. ఆయన కవి కూడా. కవితల్లో పెట్టుకున్న పేరు ఆఫ్తాబ్, సూర్యుడు అని. ఆ తరువాత పద్దెనిమిదేళ్లు చీకట్లోనే పాదుషాగా ఉన్నాడు. 1803లో సింధియా సైన్యాన్ని ఓడించి జనరల్ లేక్ ఈ కోటలోకి వచ్చినప్పుడు, చిరిగిన చిన్న చాందినీ కింద గుడ్డి ముసలాయన కూర్చుని ఉన్నాడని ఆ నాటి రాతల్లో ఉంది. "సల్తనతే షా ఆలం, అజ్ దిల్లీ తా పాలం" అని ఊళ్లో అనుకునేవారు, పాదుషా రాజ్యం ఢిల్లీ నుంచి పాలం దాకానే అని. పాలం అంటే ఇప్పుడు విమానాశ్రయం ఉన్న చోటు. ఆ మాటకు నవ్విన వాళ్లు ఆ కోటలో కడుపు మాడ్చుకున్న వాళ్లను చూసి ఉండరు. సలాతీన్ అని పిలిచే పాత పాదుషాల వారసులు గోడకట్టిన వాడలో, బయటికి వెళ్లే వీలు లేకుండా, చాలీచాలని భత్యం మీద పుట్టి చచ్చారు. వాళ్లు ఏ రాజ్యాన్నీ పోగొట్టలేదు.

ఇదే దీవాన్-ఎ-ఖాస్‌లో 1858 జనవరి నుంచి మార్చి దాకా, 1857 తిరుగుబాటు విషయంలో చివరి పాదుషా బహదూర్ షా జఫర్ మీద విచారణ నడిచింది. జఫర్ ఎవరు? షా ఆలం మనవడు. తాత చేతి ఫర్మానాతో బెంగాలు, బీహారు, ఒరిస్సాల దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, పుచ్చుకున్న కంపెనీ, 1835 దాకా ఆ తాత పేరునే తన రూపాయిల మీద ముద్రించిన కంపెనీ, ఆయన ఇంట్లో, ఆయన సభలో కూర్చుని ఆ మనవడిని రాజద్రోహి అంది. అరవై మైళ్ల దూరంలో జరిగిన పొలం తగువులో కూడా కౌలుదారు వచ్చి యజమానిని ఆక్రమణదారు అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ మండకుండా ఎలా ఉంటుంది?

బయటికి వచ్చే ముందు ముసమ్మన్ బుర్జు వసారా చూశాం. దాన్ని కట్టించింది జఫర్ తండ్రి రెండో అక్బర్. ఏలడానికి ఏమీ లేకపోయినా జనానికి దర్శనం ఇవ్వడం మానకూడదనుకున్నాడు. భత్యం పెంచమని అడగడానికి రామమోహన్ రాయ్‌కి రాజా బిరుదు ఇచ్చి ఇంగ్లండు పంపింది ఈయనే. 1857 మే 11 ఉదయం మీరట్ సిపాయిలు యమున దాటి వచ్చి, ఈ బుర్జు కింద నిలబడి పాదుషాను కేకేశారు.

అయిదో రోజు, గురువారం: చాందినీ చౌక్, కోట్లా

చాందినీ చౌక్‌లో సీస్‌గంజ్ గురుద్వారా పక్కనే సునెహ్రీ మసీదు. కింద దుకాణాలు, ఇరుకు మెట్లు ఎక్కితే పైన మూడు చిన్న గుమ్మటాలు. 1720ల తొలినాళ్లలో రోషన్ ఉద్ దౌలా కట్టించాడు. 1739 మార్చి 22న నాదిర్ షా ఇక్కడ కూర్చుని కత్తి దూశాడు. అది ఒరలోకి వెళ్లేలోగా, ఒక్క పగటిపూటలో, ఇరవై ముప్పై వేల మంది ఈ వీధుల్లో చచ్చారని అంచనా. మెట్ల మీది నుంచి కిందికి చూస్తే రిక్షాలు, మిఠాయి కొట్టు, పెళ్లి చీరల మూటలు మోస్తున్న కూలీలు. నాకు నోట మాట రాలేదు.

ఆ చావులకు అప్పటి పాదుషా మహమ్మద్ షా విలాసాలే కారణమని చదువుకున్నాం. రంగీలా అన్న పేరు ఆయనను ఇంకా వదల్లేదు. కానీ కర్నాల్ దగ్గర నాదిర్ షాతో యుద్ధం తరువాత జరిగింది చదివితే నాకు కోపం మరొకచోట ఆగుతుంది. ఫిబ్రవరి 24న మూడు గంటల్లో యుద్ధం పోయింది. అసఫ్ జా మాట్లాడి, 50 లక్షలకు నాదిర్ షా వెనక్కి పోయేలా బేరం కుదిర్చాడు. ఆ మధ్యలో గాయపడ్డ ఖాన్ దౌరాన్ చనిపోయాడు, సైన్య వ్యవహారాలు చూసే మీర్ బక్షీ పదవి ఖాళీ అయింది. అది అసఫ్ జాకు పోయిందని తెలిసి, నాదిర్ చేతిలో ఖైదీగా ఉన్న అవధ్ సుబేదారు సాదత్ ఖాన్ "యాభై లక్షలేమిటి, ఢిల్లీ వెళ్తే ఇరవై కోట్లు వస్తాయి" అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ఒక పదవి కోసం, ఒక్క పదవి కోసం! నాదిర్ రెండు నెలలకు దగ్గరగా ఢిల్లీలో ఉండి ఎంత దోచాడంటే, ఇరానులో మూడేళ్లు పన్నులు మాఫీ చేశాడు. ఆ దెబ్బ తరువాత బెంగాలు, అవధ్, హైదరాబాదు నుంచి ఢిల్లీకి శిస్తు రావడమన్నది దాదాపు లేకుండా పోయింది.

మధ్యాహ్నం ఫిరోజ్ షా కోట్లా. గురువారమే వెళ్లాలని మేనల్లుడు పట్టుబట్టాడు, వెళ్లాక ఎందుకో అర్థమైంది. శిథిలాల కింద చీకటి గదుల్లో జనం దీపాలు, అగరుబత్తులు వెలిగించి, గూళ్లలో కాగితాలు పెడుతున్నారు. జిన్నులకు అర్జీలు. ఇల్లు ఖాళీ చేయించమని, కొడుకుకు ఉద్యోగమని, జబ్బు నయం చేయమని. కొందరు ఒకే అర్జీకి నాలుగైదు నకళ్లు తీయించి గదికొకటి పెడుతున్నారు, ఏ గదిలోని వాడు వింటాడో అని. అడ్రసు పూర్తిగా రాసి, ఫొటో కూడా అంటించినవి ఉన్నాయి. ఒకామె గూట్లో పెట్టే ముందు తన కాగితాన్ని మళ్లీ ఒకసారి చదువుకుంది. నా బల్ల దగ్గర సంతకం పెట్టే ముందు ఆడవాళ్లు సరిగ్గా అలాగే చదువుకుంటారు, పెదాలు కదుపుతూ.

రెండో ఆలంగీర్ కూడా ఇక్కడికి ఆశతోనే వచ్చాడు. కోట్లాలో గొప్ప ఫకీరు దిగాడని నమ్మించి, 1759 నవంబరు 29న వజీరు ఇమాద్ ఉల్ ముల్క్ మనుషులు ఆయనను రప్పించి పొడిచి చంపారు, శవాన్ని యమున ఒడ్డున పడేశారు. ఆ వజీరు మన అసఫ్ జాకు మనవడు. ఆలంగీర్ కొడుకే షా ఆలం. తండ్రి చావు కబురు అందేటప్పటికి దూరాన బీహారులో ఉన్నాడు, అక్కడే పాదుషానని ప్రకటించుకున్నాడు. రాజధానిలో అడుగు పెట్టడానికి మరో పన్నెండేళ్లు పట్టింది.

రోడ్డు అవతల ఖూనీ దర్వాజా. 1857 సెప్టెంబరు 22న కంపెనీ అధికారి హాడ్సన్ ఇక్కడే జఫర్ కొడుకులు మీర్జా మొఘల్, ఖిజర్ సుల్తాన్, మనవడు అబూ బకర్‌లను దుస్తులు విప్పించి కాల్చేశాడు. వాళ్లు లొంగిపోయి వస్తున్న ఖైదీలు. ఆ రోడ్డుకు ఇప్పుడు బహదూర్ షా జఫర్ పేరే పెట్టారు.

ఆరో రోజు, శుక్రవారం: నిజాముద్దీన్, హుమాయూన్ సమాధి

నిజాముద్దీన్ దర్గాలో శుక్రవారం కాలు పెట్టడానికి చోటుండదు. గులాబీ రేకుల తట్టలు తలల మీదుగా పోతుంటాయి. ఆ జనం మధ్యలోనే చిన్న పాలరాతి జాలీ ఆవరణలు ఉన్నాయి. ఒకదానిలో షాజహాన్ కూతురు జహనారా, పైన పచ్చగడ్డి తప్ప ఏమీ వద్దని రాయించుకున్నది. మరొక దానిలో మహమ్మద్ షా. రాతి తలుపు మీద పూల చెక్కడం చాలా సున్నితంగా ఉంది. ఆయన కొలువులోనే నియామత్ ఖాన్ సదారంగ్ ఖయాల్ గానానికి రూపు దిద్దాడు. జైసింగ్ ఢిల్లీలో జంతర్ మంతర్ కట్టి, తన నక్షత్ర పట్టికలకు ఈ పాదుషా పేరు పెట్టాడు. 29 ఏళ్లు ఏలిన మనిషికి నాదిర్ షా ఒక్కడినే అంటగట్టడం అన్యాయమని నాకు అక్కడ నిలబడ్డప్పుడు గట్టిగా అనిపించింది. బయట ఖవ్వాలీ మొదలైంది, హార్మోనియం పెట్టె మీద నోట్లు పడుతున్నాయి.

హుమాయూన్ సమాధికి నడిచే వెళ్లాం. వందకు పైగా సమాధులు అక్కడ ఉన్నాయి. జహందర్ షా, ఫరుఖ్‌సియర్, రెండో ఆలంగీర్ అందరూ ఇక్కడే. ఏది ఎవరిదో చెప్పే పేర్లు లేవు. తెల్లరాతి దిమ్మెల మధ్య నడుస్తూ మేనల్లుడు "ఇందులో ఫరుఖ్‌సియర్ ఎవరు మామయ్యా?" అని రెండుసార్లు అడిగాడు. ఢిల్లీ పడిపోయాక 81 ఏళ్ల జఫర్ తలదాచుకున్నది కూడా ఇక్కడే, ప్రాణానికి హామీ ఇస్తామంటే హాడ్సన్‌కు లొంగిపోయాడు.

ఏడో రోజు, శనివారం: మెహ్రౌలీ

కుతుబ్ మీనార్ దాటి మెహ్రౌలీ సందుల్లో పడితే, బఖ్తియార్ కాకీ దర్గా పక్కన ఎర్రరాతి ద్వారం కనిపిస్తుంది. జఫర్ మహల్ ఏనుగుల ద్వారం. జఫర్ 1840లలో కట్టించాడు, మొఘలులు కట్టిన చివరి పెద్ద ద్వారాల్లో అదొకటి. వానాకాలం ఆయన ఇక్కడికి వచ్చేవాడు. దర్గాకూ, యోగమాయ గుడికీ పూల విసనకర్రలు సమర్పించే ఫూల్ వాలోం కీ సైర్ ఉత్సవం ఆయన తండ్రి కాలంలో మొదలైంది. ఇప్పటికీ జరుగుతోంది.

ఆ పక్కనే మొదటి బహదూర్ షా కట్టించిన మోతీ మసీదు, దాన్ని ఆనుకుని పాలరాతి తెర కట్టిన చిన్న ఆవరణ. ఆకాశమే కప్పు. మొదటి బహదూర్ షా, రెండో షా ఆలం, రెండో అక్బర్.

నేను వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఎదుట నిలబడ్డాను. 1764లో బక్సార్‌లో ఓడి, కంపెనీ నీడన అలహాబాదులో బతుకుతున్న రోజుల్లో ఆయన ఆ ఫర్మానాలు ఇచ్చాడు. బెంగాలు దివానీకి ఏటా 26 లక్షల రూపాయలు ఇస్తామన్నారు. కొన్నేళ్లకే ఎగ్గొట్టారు. మా సర్కార్ల కాగితం సంగతి ఇంకా వింత. 1766లో కంపెనీ సైన్యం ఆ ఫర్మానా చూపించి కొండపల్లి కోట పట్టుకుంది. నిజాం అలీ ఖాన్ యుద్ధానికి లేస్తున్నాడని తెలిసి, కాండ్రేగుల జోగిపంతులు మధ్యవర్తిత్వంతో అదే ఏడాది నవంబరు 12న ఆయనతోనూ ఒప్పందం రాసుకుంది, ఏటా 9 లక్షలకు. ఒకే భూమికి రెండు దస్తావేజులు! నా వృత్తిలో ఇది కొత్తేమీ కాదు. హక్కు ఒకరి పేరున, స్వాధీనం మరొకరి చేతిలో ఉన్నప్పుడు, తెలివైన కొనుగోలుదారు ఇద్దరి చేతా సంతకం పెట్టిస్తాడు. నిజాం దగ్గర స్వాధీనం ఉంది. హక్కు మాత్రం దేశంలో ఈ పాదుషా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. మరాఠాలు, నవాబులు, కంపెనీ, అందరూ తమ అధికారాన్ని ఈ ఇంటి పేరు నుంచే చూపించుకోవాలి. ఇల్లంతా దోచినవాళ్లు కూడా ఇంటి యజమానిని గద్దె మీద కూర్చోబెట్టి ఉంచింది అందుకే. 1857లో సిపాయిలు మీరట్ నుంచి తిన్నగా ఢిల్లీకి ఎందుకు వచ్చారన్న దానికి కూడా నాకు అక్కడే జవాబు దొరికింది. కంపెనీ ఏ పేరు మీద ఏలుతోందో ఆ పేరునే తమ వైపు తెచ్చుకున్నారు.

ఆయన సమాధికి దగ్గరలోనే ఒక ఖాళీ. జఫర్ తన కోసం ఉంచుకున్న చోటు. 1858 అక్టోబరు 7న ఎద్దుబండి మీద ఆయనను ఢిల్లీ నుంచి పంపించేశారు. 1862 నవంబరు 7న రంగూన్‌లో పోయాడు. గుర్తు తెలియకుండా మట్టి చదును చేసి, పైన గడ్డి పరిచారు. ఆ సమాధి అసలు చోటు 1991లో గాని బయటపడలేదు.

ఆ ఖాళీలో ఎండుటాకులు పడి ఉన్నాయి. జేబులోంచి నోటుబుక్కు తీసి, రోజూ రాసినట్టే, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, నాలుగు హద్దులూ రాసుకున్నాను. హక్కుదారు పేరు దగ్గర అబూ జఫర్ సిరాజుద్దీన్ ముహమ్మద్ బహదూర్ షా అని పూర్తిగా రాశాను, తండ్రి పేరు అక్బర్ షా. స్వాధీనం అన్న చోట ఏమి రాయాలో తోచక కలం ఆగింది. దర్గాలో జొహర్ నమాజుకు పిలుపు వినిపిస్తోంది. మేనల్లుడు మసీదు మెట్ల దగ్గర నా కోసం చూస్తున్నాడు.